అందినట్టు ముద్ర పడ్డ కార్డు

చెల్లెలు పోయిన మూడు వారాల్లో అచ్చులక్కకు ముప్ఫై ఎనిమిది పరామర్శ కార్డులు వచ్చాయి. వాటిలో ముప్ఫై ఆరు ఆవిడ స్వయంగా తయారుచేసినవే.

ఇందులో వింతేమీ లేదు. వీధి మలుపులో ఉన్నది ఒకటే స్టేషనరీ షాపు. ఆ షాపులో గల్లాపెట్టె పక్కన ఉన్నది ఒకటే కార్డుల అర. పుట్టినరోజుకు, పెళ్ళికి, పాప పుట్టినందుకు, పరీక్ష పాసైనందుకు, మనిషి పోయినందుకు వేటికవే విడిగా పేర్చి ఉండే ఆ అరలోని కార్డులన్నీ అక్కాచెల్లెళ్ళిద్దరూ పదకొండేళ్ళుగా చేత్తో చేసిచ్చినవే. చుట్టుపక్కల ఎవరు పోయినా, పోయినవారి ఇంటికి చేరేది వీళ్ళ కార్డే. ఈసారి పోయింది వీళ్ళింట్లోనే కావడం వల్ల సరుకు తిన్నగా తయారైన చోటికే తిరిగొచ్చింది.

అచ్చులక్క ప్రతి కవరునూ కత్తెరతో నీటుగా కోసి, కార్డు బయటికి తీసి, కళ్ళజోడు సవరించుకుని, ముందు పైనున్న బొమ్మ అచ్చు చూసేది. రెమ్మ నిటారుగా పడిందా, కాడ దగ్గర ఇంకు ముద్దకట్టిందా, మడత సరిగ్గా మధ్యకు వచ్చిందా. ఆ తర్వాతే లోపల రాసింది చదివేది. 'మీ దుఃఖంలో మేమూ పాలుపంచుకుంటున్నాం' అని మందుల షాపతను రాశాడు. ఆవిడకు ఆ వాక్యం అర్థమైంది. ఎడమవైపు ఆకు కొస కాస్త మసకగా పడిందని కూడా అర్థమైంది. రెండింటిలో ఏదీ లోపలికి దిగలేదు.

చదివాక చేసే పని ఇంకొకటుంది. సొరుగులోంచి పాత ముద్ర ఒకటి తీసి, ప్యాడ్ మీద అద్ది, కార్డు కుడివైపు పైమూలన కొట్టేది. 'అందినది' అన్న అక్షరాలు, కింద ఆనాటి తేదీ. ఇరవై తొమ్మిదేళ్ళు ఒక ఆఫీసులో లోపలికొచ్చిన ప్రతి కాగితం మీదా ఆవిడ కొట్టిన ముద్ర అది. రిటైరైన రోజున, ఎలాగూ కొత్త ముద్ర వచ్చింది కదా అని, పాతదాన్ని ఒక పెట్టెలో పెట్టి రిబ్బను కట్టి, ఆవిడ సేవలకు గుర్తుగా బహూకరించారు. సభ జరిగింది. ఇద్దరు మాట్లాడారు. ఇద్దరూ ఆవిడ పేరు తప్పు చెప్పారు.

పరామర్శ కార్డుల మీద ఆ ముద్ర కొట్టాలని ఆవిడ ప్రత్యేకంగా అనుకోలేదు. మొదటిరోజు మూడు కార్డులు వచ్చాయి. చెయ్యి దానంతటదే సొరుగు తెరిచింది. మూడూ అయ్యాక చూసుకుంటే ముద్ర కార్డు ముఖం మీదే పడింది, రెమ్మకు పైన, చంద్రుడుంటే ఉండాల్సిన చోట. ప్యాడ్ ఎండిపోయి ఉండబట్టి పెద్దగా కనబడలేదు. నాలుగో కార్డు నుంచి లోపలివైపు, రాసినదానికి పైన కొట్టడం మొదలుపెట్టింది. ఆఫీసులో అయితే మొదటి మూడింటికీ సంజాయిషీ అడిగేవారు.

వీధిలో పెద్దామెను అచ్చులక్క అనీ, చిన్నామెను రంగులక్క అనీ పిలిచేవారు. అసలు పేర్లు ఒకచోట ఆఫీసు రికార్డుల్లోనూ, ఒకచోట బడి రికార్డుల్లోనూ భద్రంగా ఉన్నాయి. వీధికి వాటితో పని పడలేదు. పెద్దామె ఆఫీసులో ముద్రలు కొట్టేది, చిన్నామె బడిలో డ్రాయింగు చెప్పేది. పెళ్ళి అనే శాఖలో ఇద్దరి ఫైళ్ళూ ఎక్కడో, ఎవరి బల్ల మీదో ఆగిపోయాయి. మొదట్లో వాకబు చేసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. తర్వాత వీళ్ళు కూడా వాకబు మానేశారు. తమ్ముడు మాత్రం సకాలంలో పెళ్ళి చేసుకుని, రెండు వీధుల అవతల కాపురం పెట్టి, కుటుంబం పరువు నిలబెట్టాడు.

కార్డుల పని ఆఫీసులోనే పుట్టింది. ఒకనాడు మధ్యాహ్నం కాగితాలు రాక తోచని అచ్చులక్క, పెన్సిలు గీతలు చెరిపే రబ్బరును బ్లేడుతో చెక్కి ఒక ఆకు చేసింది. దాన్ని ప్యాడ్ మీద అద్ది, పాత కవరు వెనక కొట్టి చూసుకుంటుండగా పై అధికారి పట్టుకున్నాడు. ప్రభుత్వ రబ్బరు దుర్వినియోగం మీద పది నిమిషాలు ఉపన్యసించి, ఆకును స్వాధీనం చేసుకుని వెళ్ళాడు. వారం తిరక్కుండా వచ్చి, "మా అమ్మాయి పుట్టినరోజుంది. పువ్వు కూడా వస్తుందా?" అని అడిగాడు. ఆ పువ్వును ఇంటికి తెస్తే చెల్లెలు దానికి రంగు వేసింది. అంతే, అక్కడినుంచి అలా సాగిపోయింది. ఇప్పుడు పాత బిస్కట్ల డబ్బాలో డెబ్బై మూడు అచ్చులున్నాయి. ఒక్కొక్కటీ రబ్బరు పలకలో చెక్కి చెక్కముక్కకు అంటించినది.

పని పంపకం కచ్చితంగా ఉండేది. కాగితం కోయడం, మడత రుద్దడం, నీళ్ళు తగిలినా కదలని నల్ల ఇంకుతో అచ్చు కొట్టడం అక్కవి. పావుగంట ఆరాక ఆ గీతల మధ్య నీటిరంగు వేయడం చెల్లెలిది. గీతల 'మధ్య' అన్నది అక్క పెట్టిన షరతు. చెల్లెలు దాన్ని ఒక సలహాగా తీసుకుంది.

"గీత ఎందుకు కొట్టానే నేను?" అనేది అక్క, ఆకు దాటి పొర్లిన రంగును చూసి.

"రంగు ఎక్కడిదాకా పోకూడదో తెలియడానికి."

"తెలిసిందా మరి?"

"తెలిసే పోయాను."

రెండో తగాదా బ్రష్షుది. బ్రష్షు కొస విడిపోయినప్పుడల్లా చెల్లెలు దాన్ని నోట్లో పెట్టుకుని, పెదాల మధ్య లాగి, సూదిమొనలా చేసేది. అక్కకు ఒళ్ళు మండిపోయేది.

"నోట్లో పెట్టకే! విషమే అది!"

"తియ్యగా ఉంటుందే అక్కా. ఒక్కసారి నువ్వూ చూడు."

"చిన్నప్పుడు బలపాలు తిన్నదానివి. నీ నాలుక సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదు."

పరామర్శ కార్డుకు ఉన్నది ఒకే అచ్చు: సన్నటి రెమ్మ, మూడు ఆకులు, నాలుగోది రాలుతూ. రంగు కూడా ఒకటే. నీలం రెండు పాళ్ళు, గోధుమరంగు చిటికెడు. ఆ చిటికెడు ఎంతో చెల్లెలికే తెలుసు. ఆమె దానికి పరామర్శ రంగు అని పేరు పెట్టింది. "మరీ ఏడిపించకూడదు, అలాగని నవ్వించకూడదు. వచ్చి, కూర్చుని, టీ తాగి, లేచి వెళ్ళిపోయే రంగన్నమాట" అనేది.

పోయిన రోజు మాత్రం ఆమె వేస్తున్నది పసుపు. పాప పుట్టినందుకు పంపే కార్డులు, వాటి మీద బాతులు. పన్నెండు బాతుల్లో ఏడు పూర్తయ్యాయి. ఎనిమిదోదానికి తల వేసి, "కాస్త ఆయాసంగా ఉందే. ఇది ఆరనీ, వస్తాను" అని లోపలికెళ్ళి పడుకుంది. బాతు తల ఆరింది. ఆమె రాలేదు. డాక్టరు వచ్చి గుండె అన్నాడు. మిగతా పనులన్నీ తమ్ముడు చూసుకున్నాడు. అచ్చులక్క అతను చూపించిన చోటల్లా సంతకం పెట్టింది, అన్నీ ఒకే సైజులో.

ఏడుపు రాలేదు. రాకూడదని పట్టుబట్టిందీ లేదు. ఒకటి రెండు సార్లు తీరిగ్గా కూర్చుని ఎదురుచూసింది కూడా. వచ్చినవాళ్ళందరికీ కుర్చీ చూపించి, వాళ్ళు ఏడిస్తే మంచినీళ్ళిచ్చింది.

"ఒక్కసారి గట్టిగా ఏడువు వదినా, గుండె తేలికవుతుంది" అంది తమ్ముడి భార్య.

"వస్తే చెప్తానమ్మాయ్."

ఈ మరదలు రోజూ మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి కూర డబ్బా పట్టుకొచ్చేది. ఎదురుగా కూర్చుని తినిపించేదాకా కదిలేది కాదు.

"ఎలా ఉంది వదినా?"

"బాగుంది."

"ఉప్పూ అదీ?"

"బాగుంది."

మరదలికి అనుమానం వచ్చింది. ఒకరోజు అసలు ఉప్పు వేయకుండా తెచ్చింది. బాగుందన్న జవాబు వచ్చింది. మర్నాడు రెండింతలు వేసి తెచ్చింది. మళ్ళీ బాగుందన్న జవాబే. ఆవిడ ఇంటికెళ్ళి భర్తకు నివేదిక సమర్పించింది: "మీ అక్కయ్యకు నాలుక పోయిందండీ." పరీక్ష మధ్యలో ఆపితే ఫలితం తేలదని, అప్పటినుంచి రెండింతలే కొనసాగించింది.

మూడో వారం సోమవారం సాయంత్రం స్టేషనరీ షాపాయన మేడమెట్లెక్కి వచ్చాడు. చెవి మీద పెన్ను, చేతిలో ఖాళీ సంచి.

"ఏం చేస్తున్నారక్కగారూ?"

"కూర్చున్నాను."

"అదే మంచిది. కూర్చోవాలి." అతను కూడా కూర్చున్నాడు. చెల్లెలి కుర్చీలో కూర్చోబోయి, సర్దుకుని, స్టూలు లాక్కున్నాడు. "చిన్నక్కగారికి ఎంత మంచిపేరుందో నాకు షాపులో తెలిసిందండీ. పరామర్శ కార్డులు, నమ్ముతారో లేదో, ఒక్క వారంలో మొత్తం ఖాళీ! ముప్ఫై ఆరు! పదకొండేళ్ళలో ఎన్నడూ..." అని ఉత్సాహంగా పోతూ పోతూ, తను ఎక్కడున్నాడో గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "ఎన్నడూ చూళ్ళేదు."

"ముప్ఫై ఆరూ నా దగ్గరే ఉన్నాయి."

"అవునవును. ఉంటాయి." కాసేపు గోడ గడియారం వైపు చూశాడు. "అయితే అరలో ఆ వరస ఖాళీగా ఉందండీ. నేనైతే ఏడాదైనా ఆగుతాను. షాపు ఆగదు." ఏ ఇబ్బందికరమైన మాటనైనా షాపు చేత చెప్పించడం అతని పద్ధతి. "శనివారం కార్డుల కంపెనీ మనిషి వస్తానన్నాడు. బంగారు అక్షరాలట. తెరిస్తే పాట పాడే కార్డులు కూడా ఉన్నాయట."

"పరామర్శ కార్డు పాడుతుందా?"

"పరామర్శది పాడదులెండి. మెల్లగా మోగుతుందట."

అచ్చులక్క ఆ సమాచారాన్ని స్వీకరించింది.

"ఒక ఇరవై ఇవ్వండి చాలు" అన్నాడతను. "అర నిండుగా కనబడితే అతన్ని గుమ్మంలోంచే పంపించేస్తాను. ఖాళీగా కనబడిందా, అర మొత్తం అతనిదే. ఒకసారి కంపెనీ చేతికెళ్ళిన అర మళ్ళీ రాదక్కగారూ. మీకు తెలియనిదేముంది."

"శనివారంలోపు" అంది అచ్చులక్క. ఒప్పుకున్నట్టా, అడిగినట్టా అన్నది ఆవిడకే తెలియలేదు. అతను ఒప్పుకున్నట్టే జమకట్టుకుని మెట్లు దిగాడు.

అర పోతే ఆవిడకు మిగిలేది డెబ్బై మూడు అచ్చులు, వాటిని కొట్టడానికి కారణమంటూ లేని ఒక చెయ్యి. ఆ సంగతి కూడా ఎవరో వేరే ఆవిడ గురించి నోటీసుబోర్డు మీద చదివినట్టే తెలిసింది.

మంగళవారం ఇరవై నాలుగు రెమ్మలు కొట్టింది. ఒత్తడం, ఒకటి, రెండు, ఎత్తడం. ఇరవై నాలుగూ ఒకేలా, కవాతులో నిలబడ్డట్టు పడ్డాయి. పావుగంట ఆరనిచ్చింది. ఆ తర్వాత రంగుల పళ్ళెం ముందుకు జరుపుకుంది.

పళ్ళెం చెల్లెలు వదిలినట్టే ఉంది, కడగలేదు. ఒక గుంటలో పసుపు. నాలుగో గుంటలో పరామర్శ రంగు, ఎండి పెచ్చులు కట్టి. ఒక్క చుక్క నీళ్ళు వేస్తే లేస్తుంది. నీటిరంగుకు ఆ గుణం ఉంది. అచ్చులక్క గ్లాసులో నీళ్ళు పోసుకుని, బ్రష్షు పక్కన పెట్టుకుని కూర్చుంది. గంట గడిచింది. దుఃఖం ముంచుకొచ్చి చెయ్యి ఆడలేదంటే అదొక పద్ధతి. ఇక్కడ ఏమీ ముంచుకు రాలేదు. చెయ్యి ఊరికే బల్ల మీద ఉంది. గ్లాసులో నీళ్ళు తేటగా ఉన్నాయి. సాయంత్రం వాటిని మొక్కకు పోసేసింది.

బుధవారం కూడా నీళ్ళు మొక్కకే దక్కాయి.

గురువారం ఉదయం ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది. మూడు వారాల్లో వచ్చిన మొదటి ఆలోచన కావడంతో దానికి తగని గౌరవం ఇచ్చింది. పరామర్శ కార్డులు లేవని కదా ఇబ్బంది? ముప్ఫై ఆరు కార్డులు, చెల్లెలు స్వయంగా రంగు వేసినవి, సొరుగులోనే ఉన్నాయి. మడత దగ్గర కార్డు ముందు సగం కోసి, కొత్త మడత కాగితానికి అంటిస్తే కొత్త కార్డు. వస్తువు తను చేసింది. రంగు చెల్లెలు వేసింది. పంపినవాళ్ళ మాటలు కుడివైపు సగం మీద ఉన్నాయి. వాటిని కోసి విడిగా ఫైలు చేస్తోంది కాబట్టి వాళ్ళకూ అన్యాయం లేదు. ఆఫీసులో ఒకే కవరును నాలుగుసార్లు వాడేవారు, ఎవరి మనసూ నొచ్చుకోలేదు. ఈ విధంగా అన్ని పక్షాల వాదనలూ విని, తనకు అనుకూలంగా తీర్పు చెప్పుకుంది.

ముద్ర ముఖం మీద పడ్డ మొదటి మూడింటినీ పక్కన పెట్టింది. పెట్టాననే అనుకుంది. మిగిలినవాటిలో శుభ్రంగా ఉన్న ఇరవై ఏరి, స్కేలు పెట్టి కోసి, జిగురు రాసి, బరువు పెట్టి, సాయంత్రానికి షాపులో ఇచ్చింది.

"ఎంత బాగా వేశారక్కగారూ!" అన్నాడు షాపాయన, ఒక కార్డును దీపం కింద పెట్టి. "అచ్చం చిన్నక్కగారి చెయ్యే."

అచ్చులక్క ఖాళీ సంచి మడతపెట్టుకుంది. నిజం కళ్ళెదుటే ఉన్నప్పుడు దాన్ని ఖండించే అవసరం ఆవిడకు కనబడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు మెట్ల మీద చెప్పుల చప్పుడు. టైలరమ్మ. పెదాల మధ్య నాలుగు గుండుసూదులతో పుట్టిందేమో అన్నట్టు ఉంటుంది. సూదులుండగానే మాట్లాడుతుంది, అవి పడవు. ఒక చేతిలో బట్టల పొట్లం, ఇంకో చేతిలో కార్డు.

"అక్కా, ఒక ధర్మసందేహం" అంది, కూర్చోకుండానే. "బట్టల కొట్టు గుమాస్తా వాళ్ళ నాన్న పోయారు. సాయంత్రం ఆరింటికి వెళ్ళి పలకరించాలి. కార్డు కొన్నాను. నేనింకా రాయలేదు, ఇవ్వలేదు. కానీ చూడండి, దీనికి అప్పుడే అందిందట!"

కార్డు బల్ల మీద పెట్టింది. రెమ్మకు పైన, చంద్రుడి చోట, పలచగా, కానీ కళ్ళజోడు ఉన్న ఎవరికైనా చదవడానికి వీలుగా: అందినది. కింద తేదీ.

అచ్చులక్క కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. అక్షరాలు అలాగే ఉన్నాయి.

"అది సరే, పొరపాటు అనుకుందాం" అంది టైలరమ్మ. "ఇక్కడ చూడండి. ఈ కింది మూల మరక. మెషిన్ నూనె. ఈ బొటనవేలు ఎవరిదంటారు?" తన బొటనవేలు దాని పక్కన ఆనించింది. ఏ పోలీసు శాఖకైనా సరిపోయే రుజువు. "నేను మీకు పంపిందే కదా ఇది? నా చేత్తో నేనే ఇచ్చి వెళ్ళాను కదా, మొదటిరోజే?"

"అవును."

"మళ్ళీ నాకే అమ్మారా?"

"నీకని అమ్మలేదు. షాపులో పెట్టాను. నువ్వు కొన్నావు."

టైలరమ్మ సూదులు నోట్లోంచి తీసి, పైటకు గుచ్చుకుంది. అది ఆవిడ కోపానికి మొదటి మెట్టు. వీధిలో రెండో మెట్టు చూసినవాళ్ళు తక్కువ. "సర్లెండి, కార్డు పోతే పోయింది. నేను అందులో ఒకటడిగాను మిమ్మల్ని. దానికి జవాబేదీ? జవాబివ్వకుండా కాగితం అమ్మేస్తారా?"

అచ్చులక్క లేచి, సొరుగులోంచి ఫైలు తీసింది. కోసిన కుడివైపు సగాలన్నీ వచ్చిన వరసలో ఉన్నాయి. టైలరమ్మది మొదటిదే. ఆ రోజు చదివింది, ముద్ర కొట్టింది. ఇప్పుడు ఇంకోసారి చదివింది. 'అక్కా, రంగులక్క తను బొమ్మలేసేటప్పుడు తొడుక్కునే పనంగీ నాకిచ్చింది, బ్రష్షులకు జేబు కుట్టమని. కుట్టేశాను. ఎవరికివ్వను?'

జవాబివ్వాల్సిన పక్షం అచ్చులక్కే. ఇరవై తొమ్మిదేళ్ళలో అందినదని ముద్ర కొట్టి జవాబు పోని కాగితం ఆవిడ బల్ల మీంచి ఒక్కటీ వెళ్ళలేదు. జవాబు వేరేవాళ్ళు రాసేవారు, నిజమే. కానీ వెళ్ళేది.

"తప్పే" అంది.

టైలరమ్మ తగాదాకు సిద్ధపడి వచ్చింది. ఎదుటివాళ్ళు ఇంత త్వరగా ఒప్పుకుంటే ఏం చేయాలో తెలియక కూర్చుంది. కూర్చున్నది చెల్లెలి కుర్చీలోనే. పొట్లం ఒళ్ళో పెట్టుకుంది. "ఎందుకు చేశారక్కా ఇలా?"

"నేను రంగు వేయలేను. అర పోతుంది. శనివారం కంపెనీ మనిషి వస్తాడు."

"రేపేనా?"

"రేపే."

"మరి వీటికేం రోగం?" బల్ల మీద వరసగా ఉన్న ఇరవై నాలుగు నల్ల రెమ్మల వైపు గడ్డంతో చూపించింది.

"రంగు లేదు."

"రంగు అదిగో, పళ్ళెంలో కనిపిస్తోంది." గడియారం చూసింది. "మూడూ ముప్పావు. నాకు ఆరింటికి కార్డు కావాలి. ఈ అందినదాన్ని పట్టుకెళ్ళి ఇవ్వలేను, ఆ గుమాస్తా అసలే లెక్కల మనిషి, తేదీ చూస్తాడు. మీరు వేసేదాకా నేనిక్కడే కూర్చుంటా. నాకివాళ పనేం లేదు." ఇది అబద్ధం. ఆవిడ షాపులో ఆరు జతల బట్టలు కాచుకుని ఉన్నాయి.

అచ్చులక్కకు ఉత్సాహం రాలేదు, భయం కూడా రాలేదు. ఒక మనిషి తన ఎదుట కాగితం కోసం కూర్చుని ఉంది; అలాంటప్పుడు చెయ్యి ఏం చేయాలో దానికి పాత తర్ఫీదు ఉంది. గ్లాసులో నీళ్ళు తెచ్చింది. నాలుగో గుంటలో ఒక చుక్క వదిలింది.

పెచ్చు మెత్తబడి, అంచులు కరిగి, చిన్నగా లేచింది. అదే రంగు. ఆ చిటికెడు దానిలోనే ఉంది.

మొదటి కార్డు పాడైంది. నీళ్ళెక్కువై ఆకులు మూడూ కలిసి మడుగు కట్టాయి.

"వానలో తడిసినట్టుంది" అంది టైలరమ్మ.

"మాట్లాడకు."

"కూర్చున్నందుకు చెప్తున్నా."

రెండోదానికి అచ్చులక్క బ్రష్షును గ్లాసు అంచుకు ఆనించి నీళ్ళు వదిలించింది. మొదటి ఆకు వచ్చింది. రెండో ఆకు కొస దగ్గర బ్రష్షు వెంట్రుకలు విడిపోయి చీపురులా అయింది. ఆవిడ బ్రష్షును నోట్లో పెట్టుకుని, పెదాల మధ్య లాగి, మొన చేసి, ఆకు కొస పూర్తిచేసింది. మూడో ఆకు మొదలుపెట్టింది. అప్పుడు ఆగింది.

"ఏమైంది?" అంది టైలరమ్మ.

"తియ్యగా ఉంది."

"ఏంటి తియ్యగా?"

"బ్రష్షు."

టైలరమ్మ దాన్ని వృత్తి దృష్టితో ఆలోచించింది. "అదృష్టవంతులు. ముప్ఫై ఏళ్ళుగా నా గుండుసూదులది ఒకటే ఇనప రుచి."

"పదకొండేళ్ళు చెప్పింది" అంది అచ్చులక్క. "నేను నమ్మలేదు."

ఇప్పుడైనా ఈవిడ ఏడుస్తుందేమోనని టైలరమ్మ కుర్చీ అంచుకు జరిగి, పైటకొంగు కూడా సిద్ధం చేసుకుని, కాసేపు చూసింది. ఏడవలేదు. నాలుకను పెదవుల మీద ఒకసారి తిప్పి, రుచి ఇంకా ఉందో లేదో చూసుకుని, మూడో ఆకు మీదికి వంగింది. రాలుతున్న నాలుగో ఆకు దగ్గర బ్రష్షు కాస్త జారింది. రంగు గీత దాటి అవతలికి పోయింది.

"దాటింది" అంది అచ్చులక్క, నేరం నమోదు చేస్తున్నట్టు.

"దాటితే దాటింది. రాలే ఆకు ఒకచోట ఎందుకుంటుంది?" టైలరమ్మ కార్డు తీసుకుని, ఊదకుండా, అంచులు పట్టుకుని చూసింది. "రంగులక్కలా లేదు."

"లేదు."

"బాగోలేదని కాదు. వేరేగా ఉంది. ఆ గుమాస్తాకు ఇది చాలు." లేచింది. నూనె మరక కార్డును బల్ల మీదే వదిలేసింది. "ఇది మీదే. అందింది కదా, ఉంచుకోండి. మరి దీని సంగతేంటి?" అని పొట్లం చూపించింది.

"అక్కడ పెట్టి వెళ్ళు."

"జవాబు అదేనా?"

"అదే."

టైలరమ్మ పొట్లం విప్పి, పనంగీని చెల్లెలి కుర్చీ వీపు మీద వేసి, జేబు పైకి కనబడేలా ముడత సరిచేసింది. సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుని మెట్లు దిగింది.

ఆమె వెనకే అచ్చులక్క కూడా దిగింది. షాపుకు వెళ్ళి, అరలోని పంతొమ్మిది పరామర్శ కార్డులూ తీసి సంచిలో వేసుకుంది. షాపాయన గల్లాపెట్టె వెనకనుంచి పైకి లేచాడు.

"అదేంటక్కగారూ, రేపే కదా ఆయన..."

"ఇవి నాకు వచ్చినవి. మళ్ళీ మీకిచ్చాను. పొరపాటు."

అతను కాసేపు ఆలోచించాడు. ముప్ఫై ఆరు పోవడం, ఇరవై రావడం, ఆవిడ ముఖం. లెక్క కుదిరింది. దగ్గు వచ్చినట్టు నటించాడు. "అందుకే అనుకున్నా, అచ్చం చిన్నక్కగారి చెయ్యని. మరి రేపటికి?"

"ఇరవై తెస్తాను. ఇరవైకీ రంగు నేనే. బాగుండవు."

షాపాయన చెవి మీది పెన్ను తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "బాగున్న పరామర్శ కార్డు కావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదక్కగారూ. ఎన్నింటికి తెస్తారు? అతను పదకొండింటికి వస్తాడు."

"పదింటికి."

"అయితే షాపు ఆగుతుంది" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మరదలు కూర డబ్బాతో మెట్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ లోపలికొచ్చి, వడ్డించి, ఎదురుగా కూర్చుంది. అచ్చులక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, మరదలి వైపు చూసింది.

"ఇదేంటమ్మాయ్, ఉప్పుకుప్ప!"

మరదలు సంతోషించాలా, నొచ్చుకోవాలా తేల్చుకోలేకపోయింది. "రెండు వారాల పైనుంచి ఇంతే వేస్తున్నాను వదినా."

"ఎలా తిన్నానే?"

"బాగుందన్నావు."

అచ్చులక్క కూరలో మంచినీళ్ళు కలుపుకుని, ఎలాగో తిని, కంచం కడిగేసింది. వెలుతురు ఇంకా గంటసేపు ఉంటుంది. బల్ల దగ్గర కూర్చుంది. బరువు కింద ఉన్న ఎనిమిదో బాతు జోలికి పోలేదు. దాని పసుపు తల అలాగే ఉంది. నాలుగో గుంటలో మళ్ళీ ఒక చుక్క నీళ్ళు వేసి, బ్రష్షు ముంచి, మొన చూసుకుంది. విడిపోలేదు. అయినా ఒకసారి నోట్లో పెట్టుకుంది.

మొదటి రెమ్మ ఫరవాలేదు. రెండోది దానికన్నా కాస్త నయం. మూడోది మళ్ళీ మొదటికొచ్చింది.